అల్డాబ్రా వెళ్లాలంటే: పోటు లెక్క, బూటు అడుగు, తాబేలు నీడ

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్ నుంచి ఆరుగురు మిత్రులు జూన్‌లో సీషెల్స్ వెళ్తున్నారు. పనిలో పనిగా నాలుగు రోజులు అల్డాబ్రా అటోల్ (సముద్రం మధ్య పగడపు దీవుల వలయం) కూడా చూసి రావాలని ఉంది. విమానం ఉందా, గది దొరుకుతుందా, డ్రోన్ ఎగరేయొచ్చా, పెద్ద తాబేళ్ల పక్కన ఫొటోలు దిగొచ్చా?

ముందు సూటిగా జవాబు. జూన్ వద్దు. గది లేదు. డ్రోన్ ఇంట్లో వదిలేయండి. ఫొటోలు మాత్రం పద్ధతి తెలిస్తే కావలసినన్ని దొరుకుతాయి. ఇక ఆ 'పనిలో పనిగా' అన్న ఆలోచన మానుకోండి. అల్డాబ్రా కోసమే వేరుగా ప్లాన్ వేసుకోవాలి, ఎందుకో చెబుతాను.

సీషెల్స్ రాజధాని ఉన్న మాహే దీవి నుంచి అల్డాబ్రా నైరుతి దిక్కున 1,100 కిలోమీటర్లకు పైనే. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఇంచుమించు ఎంతో అంత, అదీ నడిసముద్రంలో. నాటికల్ మైళ్లలో సుమారు 600. 9 నాట్ల వేగంతో (గంటకు 9 నాటికల్ మైళ్లు) నడిచే పడవకి ఆగకుండా 66 గంటల పైన పడుతుంది. అంటే వెళ్లడానికి మూడు రోజులు, రావడానికి మూడు రోజులు, మధ్యలో మీ నాలుగు రోజులు. పదిరోజుల పని. విమానంలో అయితే పొరుగున ఉన్న అసంప్షన్ దీవి దాకా చిన్న చార్టర్ విమానాలు దిగుతాయి. అక్కడి నుంచి మళ్లీ పడవే. మామూలుగా టికెట్ కొని ఎక్కే సర్వీసు కాదది. (అసంప్షన్ పేరు మీరు వార్తల్లో విని ఉంటారు. అక్కడ మన దేశం సదుపాయాలు కట్టేందుకు 2015లో కుదిరిన ఒప్పందం, 2018లో సీషెల్స్ పార్లమెంటు దాకా వెళ్లకుండానే ఆగిపోయింది.) ఎక్కువమంది వెళ్లే దారి లైవ్‌అబోర్డ్ పడవో, ఎక్స్‌పెడిషన్ ఓడో. తిండి, నిద్ర అన్నీ ఓడలోనే. ఒడ్డుకి దిగేది పగటిపూట కొన్ని గంటలు.

ఊరు లేదు కాబట్టి అడవిలా ఎవరైనా దిగొచ్చనుకునేవారూ ఉంటారు. అది ఉత్త భ్రమ. 1981లో సీషెల్స్ ప్రభుత్వం దీన్ని ప్రత్యేక రిజర్వుగా ప్రకటించింది, 1982లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నిర్వహణ సీషెల్స్ ఐలాండ్స్ ఫౌండేషన్‌ది. పికార్డ్ దీవి మీద వారి పరిశోధన కేంద్రం ఉంది, కొద్దిమంది సిబ్బంది వంతులవారీగా వచ్చి ఉంటారు. స్థిరనివాసులు ఎవరూ లేరు. ఫౌండేషన్ రాతపూర్వక అనుమతి లేకుండా అక్కడ లంగరు కూడా వేయకూడదు. అనుమతి అడిగేది సాధారణంగా మీ పడవ ఆపరేటరే. ప్రయాణికుల, సిబ్బంది జాబితా, తేదీలు, పడవ వివరాలు నెలల ముందే పంపాలి. రుసుము తలకింత, రోజుకింత. ఆపరేటర్ చెప్పిన ధరలో ఈ రుసుము, చార్టర్ విమానం, ఇంధనం కలిసి ఉన్నాయా లేవా అన్నది మెయిల్లో రాయించుకోండి. ఫోన్లో 'అన్నీ కలిపే సార్' అన్న మాటకి నడిసముద్రంలో విలువ ఉండదు. అనుమతి పత్రం మీ కళ్లతో చూశాకే అంతర్జాతీయ టికెట్లు కొనండి.

జూన్ ఎందుకు వద్దంటే, మే నుంచి అక్టోబరు దాకా అక్కడ ఆగ్నేయ వ్యాపార పవనాలు. వాన తక్కువ, కాబట్టి బ్రోషర్లలో 'పొడి కాలం' అని అందంగా రాస్తారు. కానీ మాహే నుంచి నైరుతికి పోయే పడవకి ఆ గాలి సరిగ్గా పక్కనుంచి కొడుతుంది. మూడు రోజులు అడ్డంగా ఊగే పడవలో ఆరుగురిలో నలుగురు మంచం దిగరు. నవంబరు నుంచి మార్చి దాకా వాయవ్య రుతుపవనం: వాన, ఉక్క, దోమలు. మధ్యలో గాలి దిశ మారే రోజులు, అంటే మార్చి చివర నుంచి ఏప్రిల్, మళ్లీ అక్టోబరు చివర నుంచి నవంబరు, వీటిలో సముద్రం కాస్త శాంతంగా ఉంటుంది. మన బడి సెలవులతో ఇది కలవదు. పిల్లలు లేని బృందం అయితే ఏప్రిల్ మొదటి పక్షమే నా ఓటు.

తేదీ ఖరారు చేసేముందు ఇంకోటి చూడాలి, అదే అసలు సంగతి: తిథి. అల్డాబ్రాలో రోజును నడిపేది గడియారం కాదు, పోటూ పాటూ (సముద్రపు నీరు ఎక్కడం, దిగడం). పికార్డ్, పాలిమ్నీ, మలబార్ (కేరళతో కలపకండి, ఇది దీవి పేరు), గ్రాండ్ తేర్ అనే నాలుగు పెద్ద దీవులు వలయంగా నిలబడి మధ్యలో విశాలమైన లగూన్‌ని (లోతు తక్కువ ఉప్పునీటి మడుగుని) చుట్టి ఉంటాయి. వలయం పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు పద్నాలుగున్నర. ఆ లగూన్‌లోకి నీళ్లు రావడానికి, పోవడానికి దీవుల మధ్య కొన్ని పాయలే దారి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సముద్రమట్టం మూడు మీటర్ల దాకా లేచి పడుతుంది. అంత నీరూ ఆ సందుల్లోంచే ఆరు గంటల్లో లోపలికి, ఆరు గంటల్లో బయటికి పోవాలి. పాయల్లో అది ఏరులా పరుగెడుతుంది. ఎంత గట్టి ఈతగాడైనా ఎదురీదలేడు.

దీన్నే వాడుకుని చేసేది డ్రిఫ్ట్ స్నార్కెలింగ్, అంటే గొట్టంతో ఊపిరి పీలుస్తూ, నీటి వాలుకి తేలుతూ కిందికి చూడటం. పోటు మొదలయ్యాక రబ్బరు పడవ మిమ్మల్ని పాయ బయటి మూతి దగ్గర దింపుతుంది. మీరు కాళ్లు కూడా ఆడించక్కర్లేదు, నీరే లోపలికి మోసుకెళ్తుంది. కింద పగడాల గోడ, గుంపులుగా చేపలు, బ్లాక్‌టిప్ సొరలు, మీతో పాటే లోపలికి వచ్చే సముద్ర తాబేళ్లు. పడవ మీ వెనకే వస్తుంది, లగూన్‌లో ఎక్కించుకుంటుంది. ఇది పోటులోనే చేయాలి. పాటులో దిగితే అదే నీరు మిమ్మల్ని బయటి సముద్రంలోకి తోసేస్తుంది. అక్కడ అడుగు ఒక్కసారిగా లోతుకి పడిపోతుంది, అలలో తల కనిపించదు. సాధారణంగా జరిగే పొరపాటు ఇంకోటి. ఒకరు ఫొటో కోసం పగడాన్ని పట్టుకుని ఆగుతారు. మిగతావాళ్లు నిమిషంలో దూరమైపోతారు, పడవ ఒక్కటే, ఎవరి వెనక వెళ్లాలి? అందుకే ఇద్దరిద్దరుగా జత, ఒక్కొక్కరి మెడలో విజిల్, జతకొక ఎర్ర బోయా, ఎవరూ ఏదీ పట్టుకోకూడదు. పగడం విరుగుతుంది, మీ చెయ్యీ తెగుతుంది.

లగూన్ లోపల పడవ నడిపేటప్పుడు లెక్క మరీ జాగ్రత్తగా ఉండాలి. బయటి సముద్రంలో పోటు నిండిన గంటల తర్వాత గానీ లగూన్ లోపలి మూలల్లో నిండదు. పటం మీద ఉన్న పోటు సమయం చూసి లోపలికి వెళ్లిన పడవ, తిరిగి వచ్చేసరికి బురదా ఇసకా మీద కూర్చుంటుంది. తోస్తే కదలదు. మళ్లీ నీరు వచ్చేదాకా ఎర్రటి ఎండలో గంటలకొద్దీ ఎదురుచూపే. రోజురోజుకీ పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి సోమవారం ఉదయం 7కి చేసినది శుక్రవారం పదీ ఇరవై ప్రాంతంలో వస్తుంది. నాలుగు రోజుల కార్యక్రమం రాసుకునేటప్పుడు ముందు పోటు వేళలు నింపండి, మిగతావన్నీ వాటి చుట్టూ సర్దండి. అమావాస్యకో పౌర్ణమికో దగ్గరగా వెళ్తే పాయల్లో నీటి ఉరవడి చూడముచ్చటగా ఉంటుంది, కానీ ఈతకి అష్టమి, నవమి రోజులే నెమ్మది. బృందంలో ఈత అంతంతమాత్రం వచ్చినవాళ్లుంటే పంచాంగం అలా చూసుకోండి.

ఇక బూట్లు. అల్డాబ్రా నేల ఇసక కాదు. సముద్రం నుంచి పైకి లేచిన పాత పగడపు సున్నపురాయి. ఎక్కువ చోట్ల సముద్రమట్టానికి 8 మీటర్ల లోపే ఎత్తు. వాన, ఉప్పు తిని తిని రాయి బ్లేడుల్లా నిలబడి ఉంటుంది. దీన్ని అక్కడ 'షాంపిన్యోన్' అంటారు. చెప్పులు, క్రాక్స్, మెత్తటి స్పోర్ట్స్ షూ, వీటిలో దేన్నైనా ఆ రాయి మొదటి గంటలోనే చీరేస్తుంది. అడుగు గట్టిగా ఉండి చీలమండ దాకా కప్పే ట్రెకింగ్ బూట్లు, చేతులకి తోట పని తోలు గ్లవుజులు. గ్లవుజులు ఎందుకంటే, తూలినప్పుడు మనిషి ముందు అరచేయి ఆనిస్తాడు. ఆ రాయి మీద అరచేయి ఆనిస్తే ప్రయాణం అక్కడికి ముగిసినట్టే. గీసుకున్న చోట మంచినీళ్లతో బాగా కడిగి, మెత్తటి బ్రష్‌తో రాతి పొడి తీసేసి, బెటడిన్ రాయండి. పొడి లోపల ఉండిపోతే పుండు వారాలు మానదు.

అవే బూట్లు దీవికి అన్నిటికంటే పెద్ద ముప్పు కూడా. ఇక్కడ కాస్త ఆగి చదవండి. అల్డాబ్రాలో ఎగరలేని పక్షి ఒకటి ఉంది, తెల్లగొంతు రెయిల్. హిందూ మహాసముద్రపు ఉష్ణమండల దీవుల్లో మిగిలిన ఎగరలేని పక్షి ఇదొక్కటే. పిల్లులు వచ్చిన దీవుల్లో అది తుడిచిపెట్టుకుపోయింది. పికార్డ్‌లో పిల్లులు లేకుండా చేశాక, 1999లో 18 పక్షుల్ని తెచ్చి వదిలితే మళ్లీ నిలదొక్కుకుంది. మేకలు చెట్టూ చేమా మేసి తాబేళ్లకి నీడ లేకుండా చేశాయి. దశాబ్దాల పాటు ఏరివేసి 2012కి గానీ వాటిని పూర్తిగా తీసేయలేకపోయారు. ఎలుకలు ఇప్పటికీ ఉన్నాయి. ఆఖరికి అసంప్షన్ దీవి మీద పెరుగుతున్న ఎర్రమీసాల పిగిలిపిట్టల్ని (మన ఇళ్ల దగ్గర కనిపించే, తోక కింద ఎర్రగా ఉండే పిట్టకి దగ్గరి బంధువు) అల్డాబ్రాలో స్థిరపడకముందే తొలగించాల్సి వచ్చింది. ఇవన్నీ మనిషి వెంట వచ్చినవే. కాబట్టి ఒక గడ్డి గింజ కూడా మీ సాక్సులో రాకూడదు.

శుభ్రం చేసే పద్ధతి ఇలా. బయల్దేరే వారం ముందు బూట్ల నాలుక బయటికి లాగి, అడుగున ఉన్న గాడుల్లోని మట్టిని స్క్రూడ్రైవర్ మొనతో గీకి, సబ్బు నీటితో బ్రష్ కొట్టి, ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. వెల్క్రో ఉన్న ప్రతి వస్తువునీ, కెమెరా బ్యాగు, రెయిన్‌కోటు, టోపీ, గేటర్లు (బూటు పైన వేసే కాలి తొడుగులు), సూదితో గానీ పట్టకారుతో గానీ పరిశీలించండి. పల్లేరు కాయ ముక్కలు, గడ్డి ముళ్లు ఎక్కువగా దాక్కునేది ఇక్కడే. బ్యాగు తిరగేసి మూలల్లో వాక్యూమ్ పెట్టండి. ఓడలో దిగేముందు మళ్లీ తనిఖీ ఉంటుంది, ఆ రోజు బూట్లు తడి చేసి మందు నీటిలో ముంచుతారు. ఇంట్లో చేయకుండా వచ్చినవాళ్ల వల్ల ఆ వరస గంటసేపు ఆగిపోతుంది. ఆ గంటలో పోటు మీ కోసం ఆగదు. ఒడ్డుకి గింజలున్న పండు, వేరుశెనగలు, ఖర్జూరం ఏవీ తీసుకెళ్లకండి. మంచినీళ్లు మాత్రం మనిషికి కనీసం 3 లీటర్లు, అక్కడ ఏరూ బావీ లేవు.

తాబేళ్ల సంగతి. సుమారు లక్ష ఉంటాయని అంచనా. ప్రపంచంలో పెద్ద నేల తాబేళ్లు ఇంత సంఖ్యలో ఇంకెక్కడా లేవు. 1874లో డార్విన్ సహా కొందరు శాస్త్రవేత్తలు మారిషస్ గవర్నరుకి లేఖ రాసి వీటిని కాపాడమని అడిగారు. అప్పటికే పక్క దీవులన్నిటిలో నావికులు తిని ఖాళీ చేశారు. వీటి ప్రాణం నీడలో ఉంది. ఉదయం మేస్తాయి, ఎండ ముదిరేసరికి చెట్టు నీడకి చేరాలి. చేరలేకపోతే డిప్ప లోపల వేడెక్కి చచ్చిపోతాయి. తొమ్మిదిన్నర, పది వేళ ఒక తాబేలు మీకేసి నడిచి వస్తోందంటే అది మిమ్మల్ని చూడ్డానికి కాదు, మీ వెనక ఉన్న చెట్టు కోసం. పక్కకి తప్పుకోండి. ఆరుగురు చుట్టూ నిలబడి ఫొటోలు తీసుకుంటూ ఉంటే అది తల లోపలికి లాక్కుని అక్కడే కూర్చుండిపోతుంది. బుస్సుమన్న శబ్దం విన్నారంటే కోపం అనుకోకండి. తల, కాళ్లు ఒక్కసారిగా ముడుచుకున్నప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలి బయటికి పోయే చప్పుడది. మీరు మరీ దగ్గరకొచ్చారని అర్థం.

ఫొటోకి పద్ధతి: రెండు మూడు మీటర్ల దూరంలో, దాని దారికి పక్కగా, మోకాళ్ల మీద కూర్చుని కదలకుండా ఉండండి. కెమెరా దాని కంటి ఎత్తుకి రావాలి. అయిదు నిమిషాల్లో మిమ్మల్ని బండరాయి కింద జమకట్టేస్తుంది, మేత మొదలుపెడుతుంది. వాన పడ్డాక రాతి గుంటల్లో వేలెడు లోతు నీరు నిలుస్తుంది. అప్పుడు చూడండి, మూతి వంచి ముక్కుతో నీళ్లు పీలుస్తుంది. నోరు మునగనంత తక్కువ నీటిని కూడా వదలకుండా తాగే ఏర్పాటది. అది కెమెరాకి దొరకాలంటే కాళ్ల దగ్గరికి కూడా చూస్తూ ఉండాలి, ఎందుకంటే మీ బ్యాగు పెట్టిన గుంటే దాని చెరువు కావచ్చు. ముట్టుకోవద్దు, ఏదీ పెట్టొద్దు, మీద కూర్చోవద్దు అని వేరే చెప్పాలా? చెప్పాల్సి వస్తోంది.

రెయిల్ పక్షికి భయం లేదు, మీ బూటు లేసుని లాగి చూస్తుంది. బ్యాగు జిప్పు మూసి పెట్టండి. కొబ్బరి పీత (అడుగు నుంచి మీటరు దాకా కాళ్ల వెడల్పు, బరువు నాలుగు కిలోల దాకా) కనిపిస్తే వేలు చూపించకండి, పట్టుకుంటే వదలదు.

ఫ్రిగేట్ పక్షుల గూళ్లు మలబార్ తీరపు మడచెట్లలో వేల జంటలుగా ఉంటాయి. మగపక్షి గొంతు కింద ఎర్ర సంచీ బెలూనులా ఊదుకున్న ఫొటో అందరికీ కావాలి. అక్కడ పడవ ఇంజను ముందే ఆపేసి, నీటి వాలుకి జరగాలి. పక్షి లేచిందంటే మీరు హద్దు దాటేసినట్టు. దాని తర్వాత జరిగేది ఇది: గుడ్డు ఒక్కటే పెడుతుంది, అది ఎండలో ఉండిపోతుంది, పక్క గూటివాళ్లు పుల్లలు ఎత్తుకుపోతారు, పిల్ల నీళ్లలో పడితే తిరిగి రాదు. పిల్లని పెంచడానికి తల్లికి ఏడాది పైనే పడుతుంది కాబట్టి ఏటా గుడ్డు పెట్టలేదు. మీ ఒక్క క్లిక్‌కి రెండేళ్ల శ్రమ పోతుంది. డ్రోన్ వద్దన్నది కూడా ఇందుకే. ఆకాశం నిండా రెండు మీటర్ల రెక్కలున్న పక్షులు తిరుగుతుంటే ఆ ఫ్యాన్లకి అక్కడ చోటు లేదు. పైగా ఫౌండేషన్ అనుమతి, పౌర విమానయాన సంస్థ అనుమతి రెండూ కావాలి. పర్యాటకులు ఆ ఆశ పెట్టుకోకపోవడం మేలు.

పచ్చ సముద్ర తాబేళ్లని ఇక్కడ 1968 నుంచీ వేటాడనివ్వడం లేదు. గూళ్ల సంఖ్య అప్పటికీ ఇప్పటికీ కొన్ని రెట్లు పెరిగింది. మీరు పొద్దున్నే దిగితే రాత్రి వచ్చి వెళ్లిన జాడలు కనిపిస్తాయి. విశాఖ తీరంలో ఆలివ్ రిడ్లీ జాడ చూసినవాళ్లకి తేడా వెంటనే తెలుస్తుంది. రిడ్లీ కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంది, జాడ వంకర టింకరగా ఉంటుంది. పచ్చ తాబేలు ముందు రెండు రెక్కలూ ఒకేసారి విసురుతుంది, ట్రాక్టర్ టైరు ముద్రలా రెండు వైపులా సమానంగా పడుతుంది. ఆ ముద్రల మీద నడవకండి, వాటినే సిబ్బంది రోజూ లెక్కపెడతారు.

వైద్యం గురించి పొట్టిగా. ఆసుపత్రి లేదు, డాక్టరూ లేడు. ఎవరికైనా సీరియస్ అయితే అసంప్షన్ రన్‌వే దాకా పడవ, అక్కడి నుంచి మాహేకి విమానం, అదీ వాతావరణం ఒప్పుకుంటే. స్కూబా చేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుని లోతు, సమయం హద్దుల్లో చాలా లోపలే ఉండాలి. ఎయిర్ ఇవాక్యుయేషన్ ఉన్న బీమా లేకుండా ఓడ ఎక్కకండి, పాలసీలో 'రిమోట్ ఐలాండ్' మినహాయింపు ఉందేమో చదవండి. సముద్రపు వాంతులకి అవోమిన్ లాంటి మాత్రలు డాక్టర్‌ని అడిగి, బయల్దేరే ముందు రాత్రే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే లోపల నిలవదు. రోజూ వాడే మందులు లెక్కకంటే వారం ఎక్కువ.

కాగితాలు: సీషెల్స్‌కి మనవాళ్లకి ముందస్తు వీసా అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో ట్రావెల్ ఆథరైజేషన్ తీసుకోవాలి. తిరుగు టికెట్, బస బుకింగ్ చూపించాలి. మీ ఓడ గానీ విమానం గానీ కెన్యా మీదుగా అయితే పసుపు జ్వరం టీకా సర్టిఫికెట్ తప్పనిసరి కావచ్చు. టీకా వేసిన పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది, లేకపోతే తిరిగి వచ్చాక ఇక్కడ క్వారంటైన్‌లో పెట్టొచ్చు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, స్లాట్ ముందే చూసుకోండి. అల్డాబ్రా నుంచి గవ్వ, పగడపు ముక్క, ఈక, ఏదీ జేబులో రాకూడదు. అక్కడా నేరమే, ఇక్కడ కస్టమ్స్‌లోనూ ఇబ్బందే. తీసుకురాదలిస్తే ఒడ్డున కొట్టుకొచ్చిన రబ్బరు చెప్పులు తెచ్చుకోండి, ఎవరూ అడ్డు చెప్పరు. 2019లో అయిదు వారాల్లో అక్కడ 25 టన్నుల చెత్త ఏరారు, చేపల వలలు, తాళ్లు, వేలకొద్దీ చెప్పులు. అది మొత్తంలో చిన్న భాగమే.

మీకు జూన్ తప్ప సెలవు లేకపోతే అల్డాబ్రా పక్కన పెట్టి, సీషెల్స్‌లోనే ప్రాస్లిన్ దీవి దగ్గర ఉన్న క్యూరియూజ్ దీవికి వెళ్లండి. 1978 నుంచి 1982 మధ్య అల్డాబ్రా నుంచి తెచ్చి వదిలిన తాబేళ్ల సంతతి అక్కడ స్వేచ్ఛగా తిరుగుతోంది. ప్రాస్లిన్ నుంచి పడవలో ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగి రావచ్చు. నెహ్రూ జూలో 2024లో చనిపోయిన ముసలి తాబేలు గాలపాగోస్ జాతి, ఇవి వేరు. తేడా తెలియాలంటే మెడ పైన డిప్ప అంచు చూడండి: అల్డాబ్రా తాబేలుకి సరిగ్గా మధ్యలో బొటనవేలంత చిన్న పలక ఒకటి ఉంటుంది, గాలపాగోస్ తాబేలుకి అది ఉండదు.